డప్పుల మీద తీర్మానం

పుష్పలత లోకల్ బోర్డుకు గెలిచినప్పుడు మౌంట్ రాస్కిల్ పేటలో ఆమెను ఎరిగిన తెలుగువాళ్ళంతా ఫోన్ చేసి సంతోషపడ్డారు. చెయ్యనివాడు శ్రీపతి ఒక్కడే. అతను అదే బోర్డులో ఆమెకంటే ముందునుంచీ ఉన్న సభ్యుడు. విజయవాడ నుంచి వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పైకెదిగి, ఈ పేటలో తెలుగువాళ్ళ తరఫున మాట్లాడే మనిషంటే తనే అనిపించుకున్నాడు. ఇప్పుడు హనుమకొండ నుంచి వచ్చిన ఒక ఫార్మసిస్టు తన పక్క కుర్చీలోనే కూర్చోబోతోంది. మొదటి సమావేశంలో ఆమె నమస్కారం పెడితే అతను ల్యాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండా, "కంగ్రాట్స్ అండీ. ఇక్కడ పని కాస్త బోరు. ముందే చెబుతున్నా," అన్నాడు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పెద్ద వ్యవహారాలన్నీ సిటీ కౌన్సిల్ చూసుకుంటుంది. పార్కులు, లైబ్రరీ, కమ్యూనిటీ హాళ్ళు, కుక్కల్ని ఎక్కడ వదలొచ్చు, ఏ చెట్టు కొట్టొచ్చు లాంటివి బోర్డుకు వస్తాయి. నెలనెలా అక్కడి మూలవాసుల మావోరీ భాషలో ప్రార్థనతో సభ మొదలవుతుంది. పోయినసారి రాసుకున్నది సరిగ్గా ఉందని ఒప్పుకుంటారు. రానివాళ్ళ సెలవు మంజూరు చేస్తారు. ప్రజల అర్జీలు వింటారు. ఆ తరవాత ఒక్కొక్క తీర్మానం ఒకరు ప్రతిపాదించడం, ఒకరు బలపరచడం, చేతులెత్తడం. పుష్పలత మొదటి సమావేశంలో సగం పొద్దు ఒక పార్కు బెంచీ రోడ్డు వైపు ఉండాలా, పిల్లల ఊయల వైపు ఉండాలా అన్న దాని మీదే గడిచింది. గొడవ బెంచీ గురించి కాదని ఆమెకు తరవాత అర్థమైంది. పాత సభ్యులిద్దరికి ఒకరంటే ఒకరికి పడదు. ఆ కోపం వెళ్ళగక్కుకోవడానికి ఆ నెల వాళ్ళకు బెంచీ దొరికింది.

ఆమె వంతు రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఆమె భర్త లింగయ్య బస్సు డ్రైవరు. ఎక్కువగా సాయంత్రం డ్యూటీ పడుతుంది. తనలాంటి డ్రైవర్లనూ గోదాముల్లో పనిచేసే కుర్రాళ్ళనూ పోగేసి అతను ఒక డప్పు బృందం కట్టాడు. శనివారం మధ్యాహ్నాలు డెంటన్ స్ట్రీట్ హాలు అద్దెకు తీసుకుని సాధన చేసేవాళ్ళు. బతుకమ్మకీ బోనాలకీ వాళ్ళ డప్పు లేకుండా పేటలో పండగ జరగడం మానేసింది. ఆ హాలు కంచెకు ఆనుకుని సమోవా దీవుల నుంచి వచ్చిన సినా అనే ఆవిడ ఇల్లు ఉంది. ఆవిడ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పగలు నిద్రపోవాలి. ఆవిడ వీధిలో వాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి బోర్డుకు అర్జీ ఇచ్చింది.

అర్జీ అందుకుని తీర్మానం రాసింది మాత్రం శ్రీపతి. ఆ హాల్లో డప్పులు, డ్రమ్ములు ఏవీ, ఏ వేళలోనూ మోగకూడదని అందులో ఉంది.

ఆ నెల సమావేశానికి ఐదుగురు సభ్యుల్లో ఇద్దరు రాలేదు. ఒకాయనకు మోకాలు ఆపరేషన్, ఇంకొకావిడ కూతురి పెళ్ళికి బ్రిస్బేన్ వెళ్ళింది. బల్ల దగ్గర అధ్యక్షురాలు హెలెన్ ప్రాక్టర్, శ్రీపతి, పుష్పలత ముగ్గురే ఉన్నారు. వెనక ప్రజల కుర్చీల్లో ఒక పక్క లింగయ్యా అతని బృందమూ, ఇంకో పక్క డెంటన్ స్ట్రీట్ వాళ్ళూ, పెళ్ళిలో పడని రెండు వర్గాల్లా కూర్చున్నారు.

సినా ముందుగా మాట్లాడింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చిందేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు వాళ్ళ సంగీతం మీద కోపం లేదు. అసలు దాన్ని సంగీతంగా వినే అవకాశం నాకు ఎప్పుడైనా ఉంటేగా," అంది. ఆవిడ పక్షం వాళ్ళు చప్పట్లు కొట్టారు. లింగయ్య పక్కనున్న ఒక కుర్రాడు గట్టిగా నవ్వాడు. హెలెన్ సుత్తి తీసుకుని బల్ల మీద కొట్టింది.

శ్రీపతి లేచి తీర్మానం చదివాడు. చదివాక కూర్చోలేదు. "అధ్యక్షా, ఒక సంగతి గమనించాలి. ఈ డప్పు బృందం నడిపేది సభ్యురాలు పుష్పలతగారి భర్త. ఆవిడ ఈ చర్చలో ఎలా కూర్చుంటారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

హెలెన్ కళ్ళజోడు సర్దుకుంది. "అది ఎవరికి వాళ్ళు నిర్ణయించుకోవాల్సింది. పుష్పలతా, ఇందులో నీకు స్వంత ప్రయోజనం ఉందనిపిస్తే వెనక్కి వెళ్ళి కూర్చోవచ్చు. అప్పుడు మాట్లాడకూడదు, ఓటు వేయకూడదు."

పుష్పలత ఏదో చెప్పబోయింది. ఆలోగా శ్రీపతి ఆమె వైపు వంగి, గదిలో ఇంకెవరికీ వినపడనంత మెల్లగా తెలుగులో అన్నాడు. "లేవండి. ఇంత చదువుకుని, ఇక్కడిదాకా వచ్చి, ఇంకా ఆ డప్పులు మెళ్ళో వేసుకుని తిరగడమేంటండీ. మనందరి పరువూ పోతోంది."

ఆ మాటలో ఏముందో ఆమెకు పూర్తిగా వినపడింది. హనుమకొండలో చిన్నప్పుడు వినపడినట్టే వినపడింది. ఆమె లేచి, బ్యాగు భుజానికి తగిలించుకుంది. వెనక కుర్చీల వైపు కాకుండా నేరుగా తలుపు వైపు నడిచింది.

"ఆగండి," అంటూ బోర్డు అధికారి కంగారుగా లేచాడు. "గది దాటకండి, దయచేసి. వెనక కూర్చున్నా లెక్కలోకి వస్తారు. బయటికి వెళ్తే ఇద్దరే మిగులుతారు. కోరం ఉండదు. సభ నడవదు."

పుష్పలత తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టనే లేదు. కోపంతో లేచింది, అంతే. వెనక్కి తిరిగి చూస్తే శ్రీపతి ముఖం పాలిపోయి ఉంది. అతనికీ అప్పుడే తట్టింది. అతను నోరు తెరిచేలోపు ఆమె తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

వరండాలో చలిగాలి కొడుతోంది. లోపల కాసేపు ఎదురుచూసి, ఆమె రాకపోతే సభ రద్దు చేస్తారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. గెలిచానన్న పొగరు గుండెల్లో ఇంకా కొట్టుకుంటోంది. తలుపు చప్పుడైంది. వచ్చింది లింగయ్య కాదు, సినా.

"లోపలికి రా," అంది సినా. "ఓడించాలంటే కూర్చుని ఓడించు."

"నన్ను లేవమన్నది ఆయన."

"నిన్ను బయటికి పొమ్మని ఎవరూ అనలేదు. నేను ఇవాళ నిద్ర మానుకుని వచ్చాను. రాత్రికి మళ్ళీ డ్యూటీ. అక్కడ మందు మోతాదు తప్పితే బాధ్యత నాది."

పుష్పలత ఫార్మసిస్టు. మందు మోతాదు తప్పడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు. "శబ్దం ఎక్కువైతే కౌన్సిల్ నంబరుకు ఫోన్ చెయ్యాలి. అది పద్ధతి," అంది.

"చేశాను. డప్పులు ఆగిపోయాక వస్తారు. వచ్చి, ఇప్పుడేం వినపడటంలేదు కదా అంటారు." సినా ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "నీకు నచ్చకపోతే లేచి బయటికి వెళ్ళిపోతావు. నేను నా ఇంట్లోంచి ఎక్కడికి వెళ్ళను?"

ఆవిడ వరండా దిగి వెళ్ళిపోయింది. లోపల సభ రద్దయినట్టు సుత్తి చప్పుడు వినపడింది.

పార్కింగ్‌లో శ్రీపతి ఆమె కారు పక్కన కాచుకుని ఉన్నాడు. "రూల్స్‌తో ఆడుకుంటున్నారా? వచ్చే నెల ఐదుగురూ వస్తారు. అప్పుడెక్కడికి పారిపోతారు?"

"మీరన్న మాట అందరి ముందర ఇంగ్లీషుల అనుండాల్సింది, శ్రీపతిగారూ. తెలుగుల ఎందుకన్నరు? వాళ్ళకు తెలుస్తదని భయమా?"

"నేనేమన్నానండీ? కల్చర్ గురించి అన్నాను."

"ఏ కల్చర్ గురించి అన్నరో నాకెర్కే. జరుగుండ్రి, బండి తీయాలె."

ఆ వారాంతం ఇంట్లో పండగలా ఉంది. లింగయ్య బృందమంతా వచ్చారు. మిరపకాయ బజ్జీలు వేశారు. "మేడమ్ లేసిపోతుంటే ఆయన మొఖం జూడాల్సిందే," అని ఒకడు శ్రీపతిని నటించి చూపిస్తే అందరూ పడీపడీ నవ్వారు. లింగయ్య భార్య ప్లేటులో ఇంకో బజ్జీ వేసి, "నువ్వు గిట్ల జేస్తవని నేను కలల గూడ అనుకోలే," అన్నాడు. పుష్పలత నవ్వింది. నవ్వుతూనే, నేను నా ఇంట్లోంచి ఎక్కడికి వెళ్ళను అన్న సినా గొంతు మళ్ళీ విని, బజ్జీ పక్కన పెట్టింది.

తరవాతి శనివారం సాధన జరుగుతుండగా ఆమె ఎవరికీ చెప్పకుండా డెంటన్ స్ట్రీట్‌కు వెళ్ళింది. హాలు లోపలికి పోలేదు. కంచె అవతల, సినా ఇంటి వైపు వెళ్ళి నిలబడింది. ఇన్నాళ్ళూ ఆమె డప్పును హాలు లోపల, మనుషుల ముఖాల మధ్య విన్నది. అడుగులూ కేకలూ చెమటా అన్నీ కలిసి అక్కడ ఒళ్ళు పులకరించేది. ఈ వైపు ముఖాలు లేవు. ఒక్క దెబ్బే వస్తోంది. చెక్క గోడకు తగులుతోంది, కిటికీ అద్దానికి తగులుతోంది, ఛాతీకి తగులుతోంది. కొత్త వరస నేర్చుకుంటున్నారు కాబట్టి తప్పిన చోటే ఆగి, మళ్ళీ మొదటినుంచి. తప్పు ఎక్కడ వస్తుందో ఆమె ముందే ఎదురుచూడటం మొదలుపెట్టింది. కాసేపటికి తల పట్టుకోవాలనిపించింది.

కిటికీ తెర కొంచెం పక్కకు జరిగింది. "నా గడ్డి మీద నిలబడ్డావు," అంది సినా లోపల్నుంచి.

పుష్పలత ఫుట్‌పాత్ మీదికి వెళ్ళింది. సారీ అనలేదు. ఆవిడా ఎదురుచూడలేదు. తెర మూసుకుంది.

మరుసటి సమావేశానికి ఐదుగురూ వచ్చారు. శ్రీపతి మళ్ళీ పాత అభ్యంతరమే లేవదీశాడు. ఈసారి పుష్పలత తయారై వచ్చింది. "ఆ బృందం వల్ల మా ఇంటికి ఆదాయం లేదు. నా నిర్ణయం నేను తీసుకున్నాను. బల్ల దగ్గరే కూర్చుంటాను," అంది. హెలెన్ తలూపి చర్చ మొదలుపెట్టింది. వెనకనుంచి లింగయ్య బృందం చప్పట్లు కొట్టింది.

పుష్పలత వాళ్ళ వైపు చూడకుండా సవరణ చదివింది. హాల్లో డప్పులు పూర్తిగా నిషేధించకూడదు. కానీ పగటిపూట, వారంలో ఏ రోజూ మోగకూడదు. సాయంత్రం పూట, అంటే రాత్రి డ్యూటీవాళ్ళు నిద్ర లేచాక, భోజనాల వేళ దాకా మోగించుకోవచ్చు.

వెనక చప్పట్లు ఆగిపోయాయి. సాయంత్రమంటే లింగయ్య బస్సు మీద ఉంటాడు. బృందంలో సగంమంది కూడా అంతే. అది ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని వాళ్ళకు తెలుసు.

శ్రీపతి మండిపడ్డాడు. "ఇది నా తీర్మానం గొంతు కొయ్యడం. పోయిన నెల సభ ఎగ్గొట్టిన మనిషి ఇవాళ న్యాయం చెబుతోంది!"

"వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు," అంది హెలెన్.

"వ్యక్తిగతంగా తీసుకోవాల్సింది నేనే. పోయిన నెల మీరు తెలుగులో నాతో అన్నది ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పండి, అధ్యక్షురాలు కూడా వింటారు," అంది పుష్పలత.

శ్రీపతి నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. హెలెన్ ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఏమిటని అడగకుండా ఓటుకు పెట్టింది. సవరణకు పుష్పలత, హెలెన్, మోకాలు ఆపరేషన్ ఆయన చేతులెత్తారు. సవరణ నెగ్గింది. ఆ తరవాత సవరించిన తీర్మానాన్ని ఓటుకు పెడితే అదీ నెగ్గింది, కానీ దాన్ని తెచ్చిన శ్రీపతే దానికి వ్యతిరేకంగా చెయ్యెత్తాడు. డెంటన్ స్ట్రీట్ వాళ్ళు కూడా నవ్వారు.

సినా నవ్వలేదు. లేచి వెళ్ళిపోతూ బల్ల దగ్గర ఆగింది. "నీకు థాంక్స్ చెబుతానని అనుకోకు. ఇది ముందే ఉండాల్సింది," అంది.

లింగయ్య అంతకుముందే వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అతను యూనిఫాం వేసుకుని డ్యూటీకి బయలుదేరుతున్నాడు. వాళ్ళ అమ్మాయి లాస్య సోఫాలో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏమీ విననట్టు అన్నీ వింటోంది.

"ఇంట్లనే ఉంటిమి గదా. ఒక్క మాట చెప్తే ఏమాయె?" అన్నాడు లింగయ్య.

"చెప్తే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోను."

"మరి?"

"ఒప్పుకోనని చెప్పకుండ చేస్తవా? బస్సు నడిపెటోళ్ళం పొద్దుగూకినంక హాలుకు ఎట్లొస్తం? నీకు ఓట్లేసెటప్పుడు మేం కావాలె. కుర్సీల కూసున్నంక ఆ నర్సు కావాలె."

"ఆమె కిటికీ కాడ నిలబడి ఒక్కసారి విను, లింగయ్యా."

"నేనెందుకు వినాలె? నా డప్పు నేను ముంగటి నుంచే వింట." అతను టిఫిన్ బాక్సు బ్యాగులో కుక్కాడు. "నాకు హనుమకొండల జిరాక్స్ షాపుండె. నీ చదువుకోసమని ఇడిచిపెట్టి వచ్చిన. ఎన్నడన్న అడిగిన్నా? గీ ఒక్కటే ఉండె నాకు ఇక్కడ."

జవాబు లేనప్పుడు ఆమె నోటికి ఇంకా పదునెక్కుతుంది. "అంత కోపముంటే అందరి లెక్కనే నువ్వు గూడ బోర్డుకొచ్చి అర్జీ పెట్టు. ఇంట్ల నా మీద అరిస్తే రూల్ మారదు."

"పెడ్త," అన్నాడు లింగయ్య. తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఉత్తమాట అనుకుంది. ఆ నెలంతా వాళ్ళిద్దరి మధ్యా కూరలో ఉప్పు, కారులో పెట్రోలు తప్ప మాటల్లేవు. పక్క పేట సాండ్రింగ్‌హామ్‌లో సరుకుల కొట్టుకు వెళితే, బజ్జీలు తిన్నప్పుడు శ్రీపతిని నటించిన కుర్రాడు ఆమెను చూసి పక్క వరసలోకి తప్పుకున్నాడు. ఒకరోజు ఫార్మసీ నుంచి వచ్చేసరికి లింగయ్య, లాస్య ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే లాస్య మూత దించింది. "మమ్, డోంట్ ఆస్క్ మీ. దిస్ ఈజ్ సో ఆక్వర్డ్," అంది.

ఆ పై నెల సమావేశంలో ప్రజల అర్జీల వేళ హెలెన్ చదివిన మొదటి పేరు లింగయ్యది.

అతను బస్సు యూనిఫాంలోనే వచ్చాడు. మైకు దగ్గర నిలబడి కాగితం తెరిచాడు. ఇన్నేళ్ళలో అతను ఇంతమంది ముందు ఇంగ్లీషులో మాట్లాడటం పుష్పలత ఎన్నడూ చూడలేదు. దుకాణాల్లో, బ్యాంకులో, స్కూల్లో ఆమే మాట్లాడేది. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ఈ అర్జీదారు నా భర్త. దీని మీద నేను మాట్లాడను, ఓటు వేయను," అని చెప్పి వెళ్ళి ప్రజల కుర్చీల్లో కూర్చుంది.

"మేడమ్ ఛైర్," అని మొదలుపెట్టాడు లింగయ్య. "పోయిన నెల ఈ బోర్డు చేసిన తీర్మానం నాకు నచ్చలేదు. దాన్ని తెచ్చిన సభ్యురాలు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి." రగ్బీ మైదానం అవతల, మోటార్‌వే పక్కన, బౌలింగ్ క్లబ్బు వాళ్ళు వదిలేసిన రేకుల షెడ్డు ఉంది. చుట్టుపక్కల ఇళ్ళు లేవు. రాత్రీ పగలూ లారీల మోతే. అక్కడ డప్పు కొడితే ఎవరికీ నిద్ర చెడదు. తాళం బోర్డు దగ్గరే ఉంది. "మాకు శనివారం మధ్యాహ్నం ఆ షెడ్డు ఇప్పించండి. మేమే ఊడ్చుకుంటాం. సభ్యురాలు మా ఇంట్లోనే ఉంటుంది. కానీ ఇది అడగడానికి నేను ఇక్కడిదాకా రావాల్సి వచ్చింది."

ఎక్కడో ఒకరిద్దరు నవ్వారు. పుష్పలత ముఖంలోకి రక్తమంతా ఎక్కింది. ఆ షెడ్డు పక్కనుంచే ఆమె రోజూ పనికి వెళ్తుంది. ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. శ్రీపతిని ఓడించాలి, సినా ముందు తల దించుకోకూడదు. ఆమె ధ్యాసంతా ఆ రెంటి మీదే ఉండింది.

అందరికంటే ముందు చెయ్యెత్తింది శ్రీపతి. షెడ్డును డప్పు బృందానికి ఇవ్వాలని తనే ప్రతిపాదించాడు. సభ్యురాలు చెయ్యలేని పని తను చెయ్యగలనని ఆ గొంతు అందరికీ చెబుతూనే ఉంది. బ్రిస్బేన్ పెళ్ళికి వెళ్ళొచ్చినావిడ బలపరిచింది. తీర్మానం ఎదురు లేకుండా నెగ్గింది.

లింగయ్య కాగితం మడుచుకుని, ఆమె వరస పక్కనుంచే నడిచి వెళ్ళాడు. ఆగలేదు. కానీ దాటేటప్పుడు, "పప్పు పొయ్యి మీదున్నది, వేడిచేసుకో," అన్నాడు, ముందుకు చూస్తూనే.

టీ విరామంలో శ్రీపతి బిస్కెట్ తుంచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "చూశారుగా. మీవారి పని చివరికి నేనే చేసిపెట్టాను. ఎన్నికలు వచ్చే ఏడాదేనండోయ్. డప్పులవాళ్ళ ఇళ్ళన్నిటికీ నేనే వెళ్ళి ఓటడుగుతాను."

"పోండ్రి," అంది పుష్పలత. "చెప్పులు బయటిడిచి, లోపటికిపోయి, వాళ్ళింట్ల అన్నం దిని మరీ అడుగుండ్రి. ఎట్ల తింటరో నేను గూడ వచ్చి చూస్త."

శ్రీపతి బిస్కెట్ నోట్లో పెట్టుకోకుండా ఆమె వంక చూశాడు. హెలెన్ లోపల సుత్తి కొట్టింది. ఆ తరవాతి విషయం లైబ్రరీ పైకప్పు కారడం గురించి. ఇద్దరూ లోపలికి వెళ్ళి పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు.